తగ్గిన కిలోల్లో ఏముంది?

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద జరిగే ఉపన్యాసం కనుక ఫోలిక్ ఆమ్లం గురించో, క్యాన్సర్ మందుల గురించో వింటామని మీరు అనుకుని ఉంటారు. వేగంగా ఒళ్ళు తగ్గించే ఆహార పద్ధతుల గురించీ, సన్నబడటానికని అమ్మే పొడులూ మాత్రల గురించీ మాట్లాడతానని నేనే కోరి చెప్పాను. ఆయన జీవితమే నాకు ఈ విషయాన్ని అందించింది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన యౌవనంలో స్ప్రూ జబ్బున పడ్డారు. ఆ జబ్బులో తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి చిక్కి శల్యమవుతాడు. ఆయన ఇంట్లోనే ఆ జబ్బు ప్రాణం తీసింది. ఆయన్ని మాత్రం ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స నిలబెట్టింది. ఒళ్ళు కరిగిపోవడమంటే ఏమిటో అలా స్వయంగా తెలుసుకున్న మనిషే తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో దాగిన శక్తి పదార్థాలను పట్టుకున్నారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. మనం తిన్నది అన్నమైనా పప్పయినా నెయ్యయినా చివరికి ఏటీపీగా మారితేనే గుండె ముడుచుకుంటుంది, ఊపిరి ఆడుతుంది.

ఆయన పుట్టిన రాష్ట్రంలో ఇవాళ పరిస్థితి తిరగబడింది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 36 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. తెలంగాణలో నూటికి 30 మంది. దేశం మొత్తం మీద 24. కాబట్టి బరువు తగ్గాలనుకోవడం అందం పిచ్చి అని కొట్టిపారేసే పెద్దలతో నేను ఏకీభవించను. మన ఒంటి తీరు వేరు. పుణేలో మధుమేహ పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉండే మన మనిషి కడుపులో, కాలేయంలో కొవ్వు ముందే పేరుకుని ఉంటుంది. ఆ కొవ్వు కొంత తగ్గినా షుగరు దిగుతుంది, బీపీ దిగుతుంది, మోకాళ్ళకు సుఖం, నిద్రలో ఊపిరి సాఫీ. ఈ లాభాల మీద నాకు ఏ అనుమానమూ లేదు.

నా ప్రశ్న వేరే. తగ్గిన కిలోల్లో ఏముంది? తగ్గుతున్నంత కాలం పక్కన ఎవరున్నారు?

ముందు చిన్న లెక్క వేద్దాం. పది రోజుల్లో పది కిలోలు తగ్గిస్తామనే బోర్డు మీరందరూ చూసే ఉంటారు. ఒక కిలో కొవ్వు కణజాలంలో దాదాపు 7,700 కిలో కేలరీల శక్తి నిలవ ఉంటుంది. అంటే రోజుకో కిలో కొవ్వు కరగాలంటే రోజూ 7,700 కేలరీల లోటు పడాలి. సాధారణ గృహిణి రోజు మొత్తం మీద ఖర్చు పెట్టేదే 2,000 దరిదాపుల్లో. ఆమె పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పడి ఉన్నా నాలుగు రోజులకు ఒక కిలో కొవ్వు కరగడం కష్టం. మరి తూకంలో కనిపించిన తగ్గుదల ఎక్కడిది? అది నీళ్ళది. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో అర కిలో వరకు పిండిపదార్థం దాచుకుని ఉంటాం. ప్రతి గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం, రొట్టె మానేయగానే ఆ నిలవ ఖర్చయి, నీళ్ళు మూత్రంలో పోతాయి. మొదటి వారంలోనే రెండు కిలోలు దిగి, మనిషికి నమ్మకం కుదురుతుంది. మళ్ళీ రెండు పూటలు అన్నం తింటే ఆ నీళ్ళు తిరిగొస్తాయి. అమ్మేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. హామీలన్నీ మొదటి వారం, పది రోజుల చుట్టూ తిరిగేది అందుకే.

నీళ్ళతో ఆగితే ఇంత చెప్పనక్కర్లేదు. తిండి బాగా కోసేస్తే, అందులోనూ మాంసకృత్తులు లేకుండా కోసేస్తే, ఒళ్ళు తన కండనే తింటుంది. కండలో గుండె కూడా ఉంది. 1976, 77 సంవత్సరాల్లో అమెరికాలో ద్రవ ప్రోటీన్ ఉపవాసం అని ఒక ఊపు వచ్చింది. రాబర్ట్ లిన్ అనే డాక్టరు రాసిన పుస్తకం దాన్ని ఇంటింటికీ చేర్చింది. పశువుల తోళ్ళు, స్నాయువుల నుంచి తీసిన కొలాజెన్‌ను ద్రవంగా చేసి, రంగూ రుచీ కలిపి సీసాల్లో అమ్మారు. రోజంతటికీ అదే ఆహారం, మూడు నాలుగు వందల కేలరీలు. నెలల తరబడి దాని మీదే బతికినవాళ్ళలో సుమారు 60 మంది చనిపోయినట్టు ప్రభుత్వానికి ఫిర్యాదులు అందాయి. ఆ మరణాల్లో 17 మంది వివరాలను నిపుణులు విడిగా పరిశీలించారు. ఎక్కువమంది స్త్రీలు, నడివయసు కూడా దాటనివాళ్ళు. గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోయింది. అందరూ ఎంతో బరువు తగ్గినవాళ్ళే. తూకం ప్రకారం చూస్తే అది ఘనవిజయం.

ఇక్కడ సుబ్బారావు గారిని మళ్ళీ తలుచుకోవాలి. 1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో విద్యార్థులు నేర్చుకున్న పద్ధతి అది. ఆ ఫాస్ఫరస్ కొలత ఎందుకు ముఖ్యమో చూడండి. బాగా పస్తులున్న మనిషికి ఒక్కసారిగా పిండివంటలతో విందు పెడితే ఇన్సులిన్ పైకి లేస్తుంది. రక్తంలో ఉన్న ఫాస్ఫేట్ ఏటీపీ తయారీ కోసం కణాల్లోకి దూసుకుపోతుంది. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం అడుగంటితే ఊపిరి కండరాలు చచ్చుబడతాయి, గుండె తడబడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బందిఖానాల నుంచి బయటపడ్డవాళ్ళలో, తిండి దొరికాకే ప్రాణం పోయినవాళ్ళున్నారు. లంఖణం పరమౌషధం అన్న మన వైద్యులు లంఖణంతో ఊరుకోలేదు. ఎన్నాళ్ళు ఉంచాలో, ఏ రోజు జావ పొయ్యాలో, ఏ రోజు పథ్యం పెట్టాలో వాళ్ళే చెప్పారు. పథ్యం పెట్టే రోజు ఇంట్లో అందరూ ఎదురుచూసిన రోజు. ఆ పద్ధతిలో లంఖణం ఒక్కటే మిగిలి, వైద్యుడూ పథ్యమూ జారిపోయాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

పిత్తాశయంలో రాళ్ళు మరో సంగతి. వారానికి కిలోన్నరకు మించి తగ్గేవాళ్ళలో ఇవి తరచు కనిపిస్తాయి. కొవ్వు తినకపోతే పిత్తాశయం ముడుచుకోదు, పైత్యరసం అక్కడే చిక్కబడుతుంది. జుట్టు రాలడం, నెలసరి తప్పడం వేరే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది సూటిగా ఉంది. బరువు తగ్గించే ఆహారం రోజుకు 1,000 కేలరీలకు తగ్గకూడదు, వారానికి అరకిలో తగ్గితే క్షేమం. మన ఊళ్ళోనే ఉన్న సంస్థ మన భాషలోనే చెబుతున్న మాట మనకు చేరలేదు. కొరియర్‌లో వచ్చే డబ్బా మాత్రం చేరుతోంది.

ఆకలి మనసుని ఏం చేస్తుందో చెప్పడానికి మిన్నెసోటా ప్రయోగాన్ని మించినది లేదు. 1944 చివర మొదలైన ఆ ప్రయోగంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగం తిండి పెట్టాడు. సగం అంటే రోజుకు దాదాపు 1,570 కేలరీలు. ఇవాళ డైట్ చార్టుల్లో చాలావాటికన్నా ఎక్కువే. వాళ్ళ బరువులో నాలుగో వంతు తగ్గింది. ఎప్పుడూ చలి, నీరసం, చిరాకు. వంటల పుస్తకాలు ముందేసుకుని గంటలు గడిపారు. కలల్లోనూ తిండే. కడుపు నిండా పెట్టడం మొదలయ్యాక కూడా నెలల తరబడి వాళ్ళకు ఆకలి తీరలేదు. ముందుగా తిరిగొచ్చింది కొవ్వు, కండ వెనకబడింది. అమెరికాలో బరువు తగ్గే పోటీ టీవీ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి కెవిన్ హాల్ 2016లో ప్రచురించిన ఫలితాలు ఇంకా గట్టివి. సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళకు 41 కిలోలు తిరిగొచ్చాయి. వాళ్ళ శరీరాలు ఊరికే కూర్చున్నప్పుడు, ఆ బరువుకు ఖర్చవ్వాల్సినదానికన్నా రోజుకు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. బరువు తిరిగి పెరిగిన ఆడపిల్లను నోరు కట్టుకోలేకపోయిందని అత్తవారింట్లో, పుట్టింట్లో దెప్పుతుంటారు. ఆమె ఒళ్ళు కరువును గుర్తుపెట్టుకుంది. ఆ దెప్పిపొడుపులు ఇకనైనా ఆగాలి.

ఇంత చెప్పాను కదా అని వేగమే తప్పంటానేమో అనుకోకండి. బ్రిటన్‌లో గ్లాస్గో నుంచి మైక్ లీన్, న్యూకాజిల్ నుంచి రాయ్ టేలర్ నడిపించిన డైరెక్ట్ అధ్యయనం 2017లో వెలువడింది. షుగరు వచ్చి ఆరేళ్ళు దాటనివారికి మూడు నుంచి అయిదు నెలల పాటు రోజుకు 825 నుంచి 853 కేలరీల పోషక ద్రవాహారం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యం అందుకున్నవారిలో అది 4 శాతమే. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం. ఇది చిన్న విషయం కాదు. జీవితాంతం మోయాలనుకున్న జబ్బు వెనక్కి తగ్గింది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో 200 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు 12 వారాల వేగ పద్ధతి, మరో జట్టుకు 36 వారాల నిదాన పద్ధతి. అనుకున్న బరువుకు చేరినవాళ్ళు వేగం జట్టులో 81 శాతం, నిదానం జట్టులో 50 శాతం. మూడేళ్ళకు రెండు జట్లలోనూ తగ్గినదాంట్లో దాదాపు 70 శాతం తిరిగొచ్చేసింది. నిదానంగా తగ్గితే నిలుస్తుందన్న మా వైద్యుల పాత పాఠం ఆ పరీక్షకు నిలవలేదు.

అయితే డైరెక్ట్‌లో మొదటి రోజు ఏం జరిగిందో చూడండి. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఆపించారు. ఆ తర్వాత క్రమం తప్పకుండా నర్సో డైటీషియనో చూస్తూ వచ్చారు. మామూలు భోజనంలోకి అంచెలంచెలుగా, కొన్ని వారాలు తీసుకుని మళ్ళించారు. ఇక మన సంగతి చూడండి. కొన్నేళ్ళ కిందట, అన్నం మానెయ్యమని బోధించిన వీరమాచనేని రామకృష్ణ గారి సభలకు తెలుగు ఊళ్ళలో జనం తండోపతండాలుగా వెళ్ళారు. అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలు, మాంసం, గుడ్లు. వైద్యులు వాదించారు, ఆయన బదులిచ్చారు, టీవీ చర్చలు నడిచాయి. పిండిపదార్థం మానేస్తే షుగరు దిగడం నిజం, చాలామందికి దిగింది కూడా. ప్రమాదం మరోచోట ఉంది. ఇన్సులిన్ పొడుచుకునే మనిషి, గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్ర వేసుకునే మనిషి మోతాదు మార్చకుండా అన్నం మానేస్తే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు వాడుతూ అన్నం మానేస్తే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదకు రావచ్చు. అప్పుడు షుగరు పెద్దగా పెరగదు గనుక గ్లూకోమీటరు చూసుకుని ఇంట్లోవాళ్ళు ధైర్యంగా ఉండిపోతారు. సభలో వేలమందికి ఒకే మాట చెప్పవచ్చు. మాత్రల చీటీ మాత్రం ఒక్కొక్కరిదీ విడిగా చూడాలి.

ఇప్పుడు మందుల సంగతి. 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మారిస్ టైంటర్, విండ్సర్ కటింగ్ అనే ఇద్దరు డైనైట్రోఫినాల్ అనే రసాయనం మనుషుల బరువు తగ్గిస్తుందని ప్రకటించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ మందుగుండు కార్ఖానాల్లో వాడిన పదార్థమే అది. అక్కడి కూలీలు చెమటలు కారుస్తూ చిక్కిపోవడం, కొందరు మరణించడం అప్పటికే తెలుసు. అది చేసే పని సుబ్బారావు గారి ఏటీపీ తయారయ్యే చోటనే. నాగార్జునసాగర్‌లో నిలిచిన నీరు టర్బైన్ల మీదుగా దిగితే కరెంటు పుడుతుంది. గట్టుకు గండి పడితే నీరు అంతే జోరుగా పోతుంది గాని దీపం వెలగదు. కణంలోని మైటోకాండ్రియాలో ఈ రసాయనం కొట్టేది ఆ గండి. కొవ్వు కాలిపోతూ ఉంటుంది, ఏటీపీ పుట్టదు, పుట్టాల్సిన శక్తంతా వేడిగా మారుతుంది. మోతాదు కాస్త మించితే ఒళ్ళు లోపలి నుంచి ఉడికిపోతుంది. విరుగుడు లేదు. ఒకటి రెండేళ్ళలోనే లక్షకు పైగా అమెరికన్లు వాడారు. వయసులో ఉన్న స్త్రీలకు కళ్ళలో శుక్లాలు కమ్మాయి. 1938లో అక్కడ కొత్త ఆహార, ఔషధ చట్టం వచ్చాక దీన్ని మనుషులకు పనికిరాదని తేల్చారు. అంతటితో పోలేదు. ఇంటర్నెట్‌లో కొవ్వు కరిగించే బిళ్ళగా మళ్ళీ దొరుకుతోంది. వరుస మరణాల తర్వాత బ్రిటన్ 2023లో దీన్ని విషాల చట్టం కిందకు తెచ్చింది.

సన్నబడటానికి వాడిన మందుల తర్వాతి వరుస క్లుప్తంగా చెబుతాను. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను పాడుచేస్తోందని తేలి 1997లో మార్కెట్ నుంచి పోయింది. ఎఫెడ్రా మూలికను 2004లో అమెరికా నిషేధించింది. రిమోనబాంట్ మనసును కుంగదీస్తోందని ఆపారు. సిబుట్రమిన్ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో యూరప్, అమెరికా తప్పించాయి, మన దేశమూ నిషేధించింది. నిషేధించిన ఆ సిబుట్రమిన్ ఎక్కడికి వెళ్ళిందో తెలుసా? మూలికల డబ్బాల్లోకి. 2007 నుంచి 2016 దాకా అమెరికా ఔషధ సంస్థ పట్టుకున్న కల్తీ సప్లిమెంట్లు 776. వాటిలో దాదాపు 41 శాతం బరువు తగ్గించేవి, ఆ బరువు తగ్గించేవాటిలో నూటికి 85కు సిబుట్రమిన్ కలిసి ఉంది. లేబుల్ మీద ఆకు బొమ్మ, లోపల నిషేధిత మందు. "ఈ పొడి భలే పనిచేసింది డాక్టరుగారూ, ఆకలే వెయ్యట్లేదు" అని ఎవరైనా అంటే నాకు కంగారు పుట్టేది ఇందుకే. నిజాయితీగా తయారైన పొడులు అంత గట్టిగా పనిచెయ్యవు. మలబారు చింత, అంటే గార్సీనియా, 1998లో 135 మంది మీద 12 వారాలు పరీక్షిస్తే ఉత్తుత్తి బిళ్ళకు మించి ఏమీ చెయ్యలేదు. గ్రీన్ టీ తాగితే ఇబ్బంది లేదు. దాని సారాన్ని బిళ్ళల్లో గట్టిగా నింపి, ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు దాటేలా మింగితే కాలేయానికి దెబ్బ తగలవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

మన చట్టం బలహీనం కాదు. 1954 నాటి మాయామందుల ప్రకటనల చట్టం షెడ్యూలులో స్థూలకాయం కూడా ఉంది. దాన్ని నయం చేస్తామని మందుకు ప్రచారం చెయ్యడమే నేరం. ఆహార సప్లిమెంట్ డబ్బా మీద ఔషధంగా వాడరాదని రాసి తీరాలి. ఆ చిన్న అక్షరాలు, పక్కనే వేలాడే పెద్ద ఫ్లెక్సీ ఒకే గోడ మీద కలిసి బతుకుతున్నాయి. బరువు తగ్గాక కొన్నవారినే అమ్మకందార్లుగా మార్చే పద్ధతి ఇంకా కష్టం. అమ్మేది పిన్నిగారో, పక్కింటి టీచరుగారో అయితే అనుమానించడానికి మనసు ఒప్పుకోదు. ఆమె మోసగత్తె కాదు, తనకు తెలిసినదే నమ్మి చెబుతోంది.

2025లో మన దేశానికి కొత్త ఇంజెక్షన్లు వచ్చాయి. మార్చిలో టిర్జెపటైడ్, జూన్‌లో బరువు కోసం సెమాగ్లుటైడ్. ఇవి నిజంగా పనిచేసే మందులు. సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గింది. ఆపేశాక ఏడాదిలో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. తగ్గినదాంట్లో కండ కూడా ఉంది. అసలే కండ తక్కువైన మనవాళ్ళు పప్పు, గుడ్డు, పెరుగు పెంచకుండా, బరువులెత్తే వ్యాయామం లేకుండా వీటిని వాడితే ముసలితనంలో కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. పెళ్ళి ముహూర్తానికి రెండు నెలల ముందు అడిగే మందు కాదిది.

ఈ సభలో డాక్టర్లున్నారు, ఫార్మసిస్టులున్నారు, రేపు అవబోయే పిల్లలున్నారు. మీకు బ్రస్సెల్స్ కథ చెప్పి ముగిస్తాను. 1992లో అక్కడి కిడ్నీ వైద్యుల దగ్గరకు యాభై ఏళ్ళు నిండని ఇద్దరు స్త్రీలు వచ్చారు. మూత్రపిండాలు వేగంగా చెడిపోతున్నాయి, కారణం దొరకడం లేదు. ఏం వాడారని అడుగుతూ పోతే ఇద్దరూ ఒకే సన్నబడే క్లినిక్‌కు వెళ్ళారని తేలింది. ఏళ్ళ తరబడి ఇబ్బంది లేకుండా నడిచిన ఆ క్లినిక్ 1990లో రెండు చైనా మూలికలు కొత్తగా చేర్చింది. వాటిలో స్టెఫానియాకు బదులు, చైనా భాషలో దాదాపు అదే పేరున్న అరిస్టోలోకియా వచ్చి పడింది. మన పల్లెల్లో ఈశ్వరి వేరు అంటారే, ఆ మొక్కకు దగ్గర చుట్టం. వందమందికి పైగా స్త్రీల కిడ్నీలు పాడయ్యాయి, చాలామంది డయాలసిస్ మీదకు వెళ్ళారు. తర్వాత జాగ్రత్త కోసం కిడ్నీలు, మూత్రనాళాలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి అప్పటికే క్యాన్సర్ మొదలైంది.

ఆ ఇద్దరినీ ఏం వాడారని ఎవరూ అడగకపోతే మూడో మనిషీ, ముప్పయ్యో మనిషీ ఆ క్లినిక్‌కు వెళ్తూనే ఉండేవాళ్ళు. కామెర్లతో, కిడ్నీ దెబ్బతో, గుండెదడతో వచ్చిన ప్రతి మనిషినీ సన్నబడటానికి ఏమైనా తీసుకున్నారా అని అడగండి. ఒక్కసారి అడిగితే చెప్పరు. మందు కాదు, పొడే కదా అనుకుంటారు. మంచిగా, తప్పు పట్టకుండా మళ్ళీ అడగండి. డబ్బా ఇంట్లో ఉంటే తెమ్మనండి, పారేయనివ్వకండి. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఔషధ నిఘా కార్యక్రమానికి నివేదిక పంపండి. దానికి డాక్టరే అయి ఉండనక్కర్లేదు, నర్సు పంపవచ్చు, ఫార్మసిస్టు పంపవచ్చు, రోగి స్వయంగా పంపవచ్చు. మీ పట్టణం నుంచి వెళ్ళిన రెండో నివేదికతోనే ఆ డబ్బా ఎవరిదో బయటపడవచ్చు.